బదులు నడక

తెర మీద పున్నయ్య పెళ్ళాం సామ్రాజ్యం మెదడు నీళ్ళు పారిన చేనులా ఉంది. కిందటేడు ఇదే గదిలో చూసినప్పుడు బూడిదరంగు మచ్చలుండేవి, వేసవిలో నెర్రెలిచ్చిన నల్లరేగడిలా. ఇప్పుడా మచ్చలున్న చోట సన్నటి పచ్చగీతలు, ఒకదాని పక్కన ఒకటి, గొర్రుతో సాళ్ళు తీసినట్టు లేచాయి.

“ఈ వయసులో ఇట్లా తిరిగి చిగురుపెట్టిన మెదడును నేనింతవరకు చూళ్ళేదు పున్నయ్యగారూ,” అంది డాక్టర్ ఇందుమతి. మిరప విరగకాసిన చేను గట్టున నిలబడ్డ రైతు గొంతులా ఉంది ఆమె గొంతు. గుంటూరు అవతల కొత్తగా కట్టిన ఆ పరిశోధన కేంద్రంలో, చెవి వెనక పెట్టుకునే ఆ పట్టీని తయారుచేసింది ఆమే. ఊళ్ళోవాళ్ళు దానికి బుర్రపట్టీ అని పేరు పెట్టారు.

తెరిచిన తలుపు అవతల, పక్క గదిలో పరీక్ష పెట్టే అమ్మాయి అడుగుతుంటే సామ్రాజ్యం టకటకా చెబుతోంది. ఇవాళ ఏ వారం, నిన్న ఏం వండారు, ఇందాక చెప్పిన అయిదు మాటలేంటి. గడియారం బొమ్మ గీసి ముళ్ళు కూడా పెట్టింది.

“మీ ఆయన పేరేంటమ్మా?”

సామ్రాజ్యం పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచింది.

“మా అమ్మమ్మా ఇంతే. ఓటు వెయ్యడానికెళ్ళినా చెప్పదు,” అని ఆ అమ్మాయి నవ్వి, పేరు తనే నింపేసింది.

పున్నయ్యకు నవ్వు రాలేదు. ఇందాక తను ఆ పక్క గదిలోకి అడుగుపెట్టగానే సామ్రాజ్యం కుర్చీలోంచి గబుక్కున లేవడం అతను చూశాడు. తల మీదికి పైట లాక్కుని, బీరువా వారగా జరిగి, మొహం అటు తిప్పుకుంది. తను బయటికి పోయాకే మళ్ళీ కూర్చుంది. నలభై ఏళ్ళుగా ఈ మనిషి ఒక చేలోంచి ఇంకో చేలోకి వినబడేలా తనను తిట్టింది. మర్యాద ఎప్పుడు నేర్చుకుంది?

“పాతకాలం మనుషుల పద్ధతే వేరు,” అంది ఇందుమతి ముచ్చటగా.

*

కిందటేడు పట్టీ ఊరికొచ్చిన రోజున ముప్పరాజుపాలెం పంచాయతీ ఆఫీసు వసారాలో ముసలీ ముతకా అంతా చేరారు. ఇందుమతి నిలబడి చెప్పింది. పొద్దున్నే నడవాలి. నలుగురితో మాట్లాడాలి. ఆకుకూరలు, జొన్నలు తినాలి, ఉప్పు తగ్గించాలి, కంటినిండా నిద్రపోవాలి. రోజూ కొత్తది ఒకటి నేర్చుకోవాలి.

“మేం చేసేయే మాకు చెప్తన్నావా తల్లీ, ఉప్పు తగ్గించేది తప్ప?” అని వెనకనుంచి ఎవరో అన్నారు.

“మీరు చేసేవే,” అంది ఆమె. “చేసిన ప్రతిదీ తలలో ఒక పక్కదారి వేస్తుంది. ముసలితనంలో పెద్దరోడ్డు తెగినా, పక్కదారులున్నవాళ్ళు ఇల్లు చేరతారు. కాకపోతే ఆ దారులు పడ్డానికి ఇరవై ఏళ్ళు కావాలి. మీకంత టైము లేదు.”

అందుకని పట్టీ. పగలు మనిషి ఏ దారుల్లో తిరిగాడో అది గుర్తుపెట్టుకుంటుంది. నిద్రపోయాక అవే దారుల్లో మళ్ళీ మళ్ళీ నడిపిస్తుంది. ఏడాదిలో ఇరవయ్యేళ్ళ దారి పడుతుంది.

“పగలు మా ఆడోళ్ళు నడిపేది చాలదా, నిద్దట్లో నువ్వు కూడానా?” అన్నాడొక పెద్దాయన. వసారా అంతా నవ్వింది.

“ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పగలంతా మంచాన పడుంటే, ఇది మంచాన పడుండడాన్నే దున్నుతుంది. ఖాళీ రోజును దీంట్లోకి ఎక్కనివ్వొద్దు.”

ఎవరి పట్టీ వాళ్ళే పెట్టుకోవాలని కూడా చెప్పింది. ఒకరి దువ్వెన ఇంకొకరు వాడొద్దని చెప్పినట్టు చెప్పింది. ఊరూ అట్లాగే విన్నది. ఖాళీ రోజు మాట మాత్రం అందరి గుండెల్లో నాటుకుంది.

సామ్రాజ్యం ముందుకొచ్చి చెవి చూపించింది. అప్పటికి ఆమె కూరలో రెండుసార్లు ఉప్పు వెయ్యడం మొదలైంది. ఒకరోజు చేలోంచి వచ్చి పక్కవీధిలో ఎవరింట్లోకో వెళ్ళి వాకిలి ఊడ్చింది. ఆ ఇంటావిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దించింది.

“నా బుర్ర నాకు కావాలయ్యా,” అంది పున్నయ్యతో. “నేను మర్చిపోతే నిన్ను తిట్టేదెవరు? ఊళ్ళో ఇంకెవరికీ అంత ఓపిక లేదు.”

పట్టీ పెట్టుకున్న కొత్తలో బాగానే ఉంది. ఉప్పు ఒక్కసారే పడింది. తీరా మిరప కోతల్లో కాలవగట్టు మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి, కదలొద్దని మంచమెక్కించారు. ఆమె పగలూ రాత్రీ ఏడ్చింది. నొప్పిక్కాదు.

“ఖాళీ రోజులు ఎక్కుతన్నయ్యే. మొత్తం మంచమే దున్నిద్దే నా తలలో.”

వింటున్నది తోటికోడలు తిరపతమ్మ. పున్నయ్య తమ్ముడు పోయాక ఆ ఇంటి రెండో సగంలో ఒంటరిగా ఉంటోంది.

“ఇంతదానికి ఏడుపెందుకక్కా?” అంది. “కోతలకి బదులు పోవట్లా? నీ నడక నేను నడుస్తా. లేచినాక తీర్చుకుందువులే.”

కూలికి మనుషులు దొరకని చోట, ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు, దానికి ఆ ఊళ్ళో బదులని పేరు. చేలతో మొదలైనా అది చేలతో ఆగలేదు. తల్లికి జ్వరమొస్తే పక్కింటామె బిడ్డకు పాలిస్తుంది. మొక్కుకున్నవాడి కాలు విరిగితే వాడి బదులు తమ్ముడు కొండమెట్లు ఎక్కుతాడు, దేవుడు ఒప్పుకుంటాడు. దేవుడు ఒప్పుకున్నదానికి పట్టీ అడ్డం చెబుతుందని ఎవరికి తోస్తుంది?

తిరపతమ్మ మోసం చెయ్యలేదు. తనకోసమైతే అంత నడిచేది కాదు. చీకటి విడకుండానే అక్క పట్టీ చెవి వెనక పెట్టుకుని కాలవ లాకుల దాకా పోయి వచ్చేది. మధ్యాహ్నం అష్టాచెమ్మా ఆడేది, ఓడిపోతే వాదించేది. తోటకూర వండుకు తినేది. పేపర్లో పెద్దక్షరాలు కూడబలుక్కునేది. దీపాలవేళకు పట్టీ తుడిచి, తెచ్చి అక్క చెవి వెనక పెట్టేది.

కోతలు అయ్యాయి, కల్లాల్లో మిరప ఎండింది, మళ్ళీ విత్తనాలు వేశారు. సామ్రాజ్యం కర్ర పట్టుకుని లేచింది. లేచినా నాలుగడుగులకు మించి నడవలేదు గనక బదులు ఆగలేదు.

మతిమరుపు పోయింది. తేటగా మాట్లాడుతోంది. ఒకరోజు తిరపతమ్మను “అక్కా, కాస్త నీళ్ళియ్యి” అని అడిగింది.

“నన్ను ముసల్దాన్ని చేస్తన్నావేందే,” అని తిరపతమ్మ నవ్వింది. వాకిట్లో ఉన్నవాళ్ళూ నవ్వారు.

తర్వాత మాచర్లలో ఉన్న కూతురు ఫోన్ చేసింది. సామ్రాజ్యం ఎత్తి, “అమ్మకిత్తా ఉండు తల్లీ” అని ఫోను తిరపతమ్మ చేతిలో పెట్టి లోపలికి పోయింది. పున్నయ్యకు అన్నం అరుగుమీద పెట్టి, తను తలుపు వెనక్కి తప్పుకోవడం మొదలైంది. జబ్బుపడి లేచిన మనిషి, ఏదో భయం పట్టుకుందిలే అనుకున్నాడు పున్నయ్య. ఆ పరీక్షలయ్యాక అదే తలుచుకుంటూ గుంటూరునుంచి బస్సులో ఆమె వెనక సీట్లో కూర్చుని ఇల్లు చేరాడు.

*

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, మందు కొట్టిన చేతులు కడుక్కుని లోపలికొచ్చేసరికి, సామ్రాజ్యం నిట్టాడి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. నుదురు బోసిగా ఉంది. కాలి మెట్టెలు రెండూ గూట్లో పెట్టి ఉన్నాయి.

“ఏందే ఇది?”

ఆమె కర్ర పట్టుకుని లేచి, పడుతూ లేస్తూ తలుపు చాటుకు పోయింది. అక్కడినుంచి గొంతు తగ్గించి చెప్పింది.

“ఎవరు పెట్టారో ఏమో బావగారూ, పొద్దున అద్దంలో చూసుకున్నా. ఆయన పోయినాక ఈ బొట్టూ మెట్టెలూ నాకెందుకు? నలుగురూ నవ్వరూ?”

తమ్ముడి పెళ్ళాం బావ ఎదట పడదు. పడ్డా కూర్చోదు. మాట్లాడాల్సొస్తే తలుపు చాటునుంచి మాట్లాడుతుంది. ఆ ఇంట్లో పున్నయ్యను బావగారూ అని పిలిచే మనిషి ఒక్కతే, తిరపతమ్మ.

“ఎవరే పోయింది? నేనిక్కడ ఉన్నాగా.”

“మీ తమ్ముడండీ,” అంటూ తలుపు వెనక ఏడుపు మొదలైంది. “పొయ్యే ముందురోజు మజ్జిగ అడిగాడు. డాక్టరొద్దన్నాడని పొయ్యలా. చెంబు దాచిపెట్టి లేదని చెప్పా. తెల్లారేసరికి అడిగే మనిషే లేడు.”

ఏడుపు విని వచ్చిన తిరపతమ్మ గడపలోనే ఆగిపోయింది. తల మీది పైట జారినా సర్దుకోలేదు.

“ఆ మజ్జిగ మాట నేనెవరికీ చెప్పలా బావగారూ,” అంది. “అక్కకి కూడా. పొద్దున ఒంటరిగా నడుస్తాగందా, గట్టు మీద. రోజూ అదే తలుచుకునేదాన్ని.”

తలుపు వెనకనుంచి సామ్రాజ్యం, “నీకెట్టా తెలుసక్కా ఆ సంగతి?” అంది.

*

పున్నయ్య చెప్పిందంతా విని ఇందుమతి గది తలుపు వేసి వచ్చి కూర్చుంది.

“నడకే ఎక్కుతుందనుకున్నాను,” అంది. “మనిషి ఊరికే నడవడని నాకు తట్టలేదు.”

“తీసెయ్యండమ్మా,” అన్నాడు పున్నయ్య.

“తీస్తే ఇప్పుడున్న దారులు పూడిపోతాయి. అవి తిరపతమ్మగారివి. వాటికింద మీ ఆవిడవి ఎప్పుడో పూడిపోయాయి. పట్టీ తీసిన కొన్నాళ్ళకు ఆమె తిరపతమ్మా కాదు, సామ్రాజ్యమ్మా కాదు. ముద్ద నోట్లో పెట్టుకోవడం కూడా మర్చిపోతుంది.”

“దాని సొంతయ్యి మళ్ళీ దున్నలేరా?”

“దున్నడానికి ఆమె రోజులు కావాలి. జబ్బు మొదలయ్యాకే పట్టీ పెట్టాం. ఆ తర్వాత ఆమె మంచంలో ఉంది, పట్టీ ఈవిడ తల మీదుంది.”

తిరపతమ్మ గోడకు ఆనుకుని నిలబడి నేల చూస్తోంది. ఇందుమతి ఆమెవైపు తిరిగింది.

“మీ ఊళ్ళో ఇట్లా ఇంకెవరైనా మార్చుకున్నారా?”

“మా ఊళ్ళో బదుల్లేనిదేందమ్మా?” అంది తిరపతమ్మ. “అంకమ్మకి కళ్ళు ఆపరేషనైతే వాళ్ళ చెల్లెలు నడిచింది. నాగులు మేడికొండూరు పోతే వాళ్ళ బావమరిది పెట్టుకున్నాడు. ఖాళీ రోజు ఎక్కనియ్యొద్దని మీరేగా చెప్పింది.”

ఇందుమతి గోడమీది పటం వంక చూసింది. ఊరి ముసలివాళ్ళందరి మార్కులూ అక్కడ గీతలుగా పైకి పోతున్నాయి. అన్నిటికంటే పైన సామ్రాజ్యం గీత. ఆ గీతలు చూపించే, ఇంకో నలభై ఊళ్ళకు పట్టీలు పంపమని ఆమె పైవాళ్ళను అడిగింది. కిందటి వారమే ఒప్పుకున్నారు.

“నా తలకి కట్టండి,” అన్నాడు పున్నయ్య.

“ఏంటి?”

“నలభై ఏళ్ళు దాంతో బతికినోణ్ణి. పగలంతా కూకుని దాన్నే తలుచుకుంటా. అది దున్నండి దాని తలలో.”

“అది మీ దారి అవుతుంది పున్నయ్యగారూ. ఆమెది కాదు.”

“నా దారినిండా అదేగదమ్మా.”

ఇందుమతి లేచి కిటికీ దగ్గరికి పోయి, వీపు ఇటు పెట్టి చెప్పింది. జరిగింది పైకి రాయాలి. పైనుంచి మనుషులు రావాలి, పట్టీలన్నీ వెనక్కి తీసుకోవాలి. దానికి రెండు మూడు నెలలు పడుతుంది. “అందాకా పట్టీ మీ ఇంట్లోనే ఉంటుంది. నేను మిమ్మల్ని ఏదీ చెయ్యమనలేదు.”

*

మర్నాటినుంచి పున్నయ్య తలగుడ్డ కింద పట్టీ పెట్టుకున్నాడు. కాలవగట్టున నడిచాడు, చేలో తిరిగాడు, గట్టుమీద కూర్చున్నాడు. పనిగట్టుకుని పెళ్ళాన్ని తలుచుకున్నాడు.

మొదట్లో సులువుగానే ఉంది. పెళ్ళినాడు పసుపుకొమ్ము కట్టిన ఆమె చెయ్యి. పత్తి పోయిన ఏడు ఆమె పెట్టిన శాపనార్థాలు, ప్రభుత్వానికి కొన్ని, పురుగుకి కొన్ని, తనకు ఎక్కువ. అవన్నీ వరసగా తలుచుకుంటే కళ్ళనీళ్ళొచ్చేంత నవ్వొచ్చింది. ఇవి ఎక్కితే చాలు, రేపు లేచి తిడుతుంది అనుకున్నాడు.

వారం తిరక్కుండా సరుకు అయిపోయింది. నలభై ఏళ్ళలో ఇంతేనా అని వెతికాడు. కంచం పెట్టిన చెయ్యి గుర్తుంది, కంచం పెట్టినప్పటి మొహం గుర్తు లేదు. పత్తి పోయిన ఏడు పురుగుమందు డబ్బా తన చేతిలోంచి లాక్కుని ఆమె ఏదో ఒక మాట అంది. ఆ మాటకే తను బతికాడు. ఆ మాటేమిటో ఎంత కొట్టుకున్నా రాలేదు.

“అమ్మాయ్,” అని పిలిచాడు తిరపతమ్మను, వాకిట్లో నిలబడి. “మీ అక్కకి తినేదాంట్లో ఏది ఇష్టం? చింతచిగురు పప్పుగదా?”

తిరపతమ్మ తలుపు చాటునుంచి చెప్పింది. “అది మీకిష్టమని వండేది బావగారూ. ఆమెకు పడేది కాదు. తిన్నరోజల్లా కడుపులో మంటని పొర్లేది.”

ఎక్కువగా గుర్తొచ్చేది ఒక్కటే. పొద్దున చేలోకి, సాయంత్రం ఇంటికి. తను ముందు, ఆమె వెనక. ఊళ్ళో ఏ మొగుడూ పెళ్ళాం పక్కపక్కన నడవరు, వాళ్ళూ నడవలేదు. వెనక గాజుల చప్పుడు, గంపలో కొడవలి కదిలే చప్పుడు, ఏదో చెబుతూ వచ్చే గొంతు. తను ఊఁ కొట్టేవాడు. మాట వినేవాడు కాదు, గొంతు ఉందా లేదా అని మాత్రం వినేవాడు. తలుచుకునేటప్పుడైనా ఒక్కసారి తిరిగి చూద్దామని ఎంతో ప్రయత్నించాడు. అప్పుడు చూడని మొహం ఇప్పుడెక్కణ్ణుంచి వస్తుంది? అయినా మానలేదు. ఉన్నదే తలుచుకున్నాడు, మళ్ళీ మళ్ళీ. దీపాలవేళకు పట్టీ తుడిచి ఇచ్చేవాడు, తిరపతమ్మ దాన్ని సామ్రాజ్యం చెవి వెనక పెట్టేది.

నెల దాటాక సామ్రాజ్యం తలుపు చాటుకు పోవడం మానేసింది. అతను లోపలికొస్తే లేవలేదు. పున్నయ్య ఆ రోజు అన్నం పూర్తిగా తిన్నాడు.

ఇంకొన్నాళ్ళకు ఏడుపూ మానింది. తిరపతమ్మ ఒక పొద్దున మజ్జిగ చిలుకుతూ, తన మొగుడి మాటెత్తింది. ఈ బాధ పంచుకునే మనిషి లోకంలో ఇంకొకతె ఉండడం ఆమెకు ఆ మధ్య అలవాటైంది. ఇద్దరూ కలిసి ఏడిస్తే కాస్త తేలికయ్యేది. సామ్రాజ్యం అరుగుమీద కాళ్ళు చాపుకుని కూర్చుని, “పోయినోడు పోయాడు, ఊరుకో అమ్మాయ్,” అంది. పున్నయ్య అనేది ఆ మాటే, ఆ తీరునే. తిరపతమ్మ చేతిలో కవ్వం ఆగింది. తనకు తెలియకుండానే తల మీదికి పైట లాక్కుని, చిలికే కుండ అక్కడే వదిలేసి లోపలికి పోయింది.

వినాయకచవితి వెళ్ళాక ఒక ఉదయం సామ్రాజ్యం కర్ర పట్టుకుని డొంకదారిన బయల్దేరింది. అంతదూరం నడవడం అదే మొదలు. పున్నయ్య చూసి, పడిపోతుందేమోనని వెనకే పోయాడు. ఆమె పది అడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ నడిచింది, మళ్ళీ ఆగి తిరిగింది. చూపు పున్నయ్య భుజం పక్కనుంచి దారి చివరకు పోతోంది.

“ఎవర్నే చూస్తన్నావ్?” అన్నాడు దగ్గరికొచ్చి.

“మా ఇంటిది,” అంది సామ్రాజ్యం. “వెనకమాలే వస్తా ఉండె. గాజులు వినబడతా ఉండె. తిరిగి చూస్తే లేదు.”

ఆ నుదురు, ముక్కుపుడక తీసేసిన చోట గుంట, చుబుకం మీద పుట్టుమచ్చ, అన్నీ పున్నయ్య ఎదట మూరెడు దూరంలో ఉన్నాయి.

“ఎట్టుంటది మనిషి?” అని అడిగాడు.

ఆమె నుదురు ముడుచుకుంది. కష్టపడి ఆలోచించింది. చివరికి అతని వంక చూసి, సిగ్గుపడ్డట్టుగా చెప్పింది.

“ఏమో నాయనా. ఎప్పుడూ చూళ్ళా.” అంతలోనే, “నువ్వొచ్చిన దోవలో యాడన్నా కనపడిందా?” అంది.

“లేదు. నేనూ దానికోసమే తిరుగుతన్నా.”

“అయితే కూకుందాం. యాడికి పోయిద్ది, వచ్చిద్ది.”

కాలవ తూము మీద ఆకులూ దుమ్మూ ఉంటే పున్నయ్య తలగుడ్డ విప్పి దులిపాడు. అతని చెవి వెనక పట్టీ దీన్నీ ఎక్కించుకుంటోంది, రాత్రికి ఆమె తలలో దున్నడానికి. అది తెలిసీ అతను తియ్యలేదు. ఆమెను చెయ్యి పట్టి కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఊరివైపు, దారి వంకే చూస్తున్నారు.